తువ్వాల కింద బేరం

మా ఇంట్లో బర్రెను కొనాలంటే మూడు పూటలు పాలు పిండి చూసేవాళ్ళు. నా చదువు సంగతి వచ్చినప్పుడు కూడా మా బాపు అదే పద్ధతి పెట్టాడు. ఈ మాట చెబితే ఇప్పటి నర్సు పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఈ కోర్సే ఎందుకు తీసుకున్నావమ్మా అని వాళ్ళలో ఎవరినైనా అడిగి చూడండి, స్నేహితురాలు తీసుకుంది కాబట్టి అంటారు. దానికంటే మా బర్రెల పద్ధతి ఏం తక్కువ?

మాది బహదూర్‌పురా. ముందు బర్రెల కొట్టం, దాని వెనక వాకిలి, వాకిలి చుట్టూ మేముండే గదులు. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా సరే, బర్రెల తోక దెబ్బలు తిన్నాకే మా దాకా వచ్చేవాళ్ళు. ఇంటికి పెద్ద మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఒక మాట అన్నాడంటే మా బాపు దానికి ఎదురు చెప్పడు. భయపడి కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే బాపును భుజాన మోసి పెంచింది ఆ అన్నే. మాటలన్నీ పెద్దోడివి, పనులన్నీ చిన్నోడివి అని వాళ్ళ తల్లి, మా అవ్వ, నవ్వుతూ అనేది.

బర్రెలను కొనడం, అమ్మడం మాత్రం బాపు పని. చిన్నప్పుడు ఆయన వెంట నేనూ పశువుల అంగడికి పోయేదాన్ని. ఆడపిల్లకు అంగడి ఏమిటని అమ్మ అరిచేది. కానీ నేను ఏడుపు మొదలుపెడితే కొట్టంలో బర్రెలు కూడా బెదిరేవి, అందుకని తీసుకుపోయేవాడు. అక్కడ బేరం నోటితో చెయ్యరు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా నిలబడి భుజాన ఉన్న తువ్వాలను చేతుల మీద కప్పుకుంటారు. ఆ తువ్వాల కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అరచెయ్యంతా పట్టుకుంటే ఐదు. నచ్చకపోతే అమ్మేవాడు వేళ్ళు లాక్కుంటాడు. నచ్చితే పట్టిన చేతిని ఒకసారి కిందికి ఊపుతాడు. ఊపగానే ఇద్దరూ చేతులు విడిచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుంటారు. చుట్టూ ఎంతమంది మెడలు సాచి చూసినా ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. తర్వాత కూడా ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఇంటికి వచ్చే దారిలో బాపు తువ్వాల తీసి నా చేతి మీద కప్పి నాతో ఉత్తుత్తి బేరాలు ఆడేవాడు. నేను అన్నిటికీ వేళ్ళు లాక్కునేదాన్ని. లాక్కోవడంలో ఉన్న మజా ఒప్పుకోవడంలో ఎక్కడిది?

ఒకసారి వాన ముంచుకొస్తోందని తొందరపడి బాపు మూడు పూటలు చూడకుండానే ఒక బర్రెను తోలుకొచ్చాడు. మూడు పూటలు ఎందుకంటే, అమ్మేవాడు ఒక పూట పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేట్టు చేస్తాడు. మొదటి పూట చెంబులు నిండుతాయి, రెండో పూటకు తగ్గుతాయి, మూడో పూటకు అసలు సంగతి బయటపడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు అమ్మేవాడి కొట్టంలోనే కూర్చుని, మూడు పూటలు కళ్ళారా చూశాకే తువ్వాల కప్పుతారు. బాపు తోలుకొచ్చిన ఆ బర్రె పాలిచ్చేది తక్కువ, తన్నేది ఎక్కువ. అవ్వను తన్నింది, పాల చెంబును తన్నింది, వింత చూద్దామని వచ్చిన పక్కింటాయనను తన్నింది. దాన్ని తిరిగి ఇచ్చెయ్యమని అవ్వ పట్టుబట్టింది. పెద్దబాపు ఒప్పుకోలేదు.

"తువ్వాల కింద చెయ్యి ఊపినంక అయిపోయె. ఇగ ఇంటి పెద్ద అడ్డమచ్చినా తెగిన బేరం తెగినట్టే," అన్నాడు.

ఆ బర్రె మా ఇంట్లో ఏళ్ళ తరబడి తన్నుతూనే బతికింది. బాపుకు మాత్రం ఆనాటి నుంచి మూడు పూటలు చూడటం ఒక మొక్కులాగా అయిపోయింది.

నేను నర్సు కావడానికి కారణం ఇటుకలు. నేను బడికి పోయే వయసులో అమ్మకు కాన్పు కష్టమైంది. టాంగా కట్టించుకుని జనానా దవాఖానాకు తీసుకుపోయారు. లోపలికి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి బాపు పరదా బయటే నిలబడ్డాడు, నేను అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి పోయాను. తమ్ముడు పుట్టాడు గానీ అమ్మకు రక్తం ఆగలేదు. మొహం తెల్లబడిపోయింది. ఒక నర్సు పరదా దగ్గరికి పరుగెత్తి, ఇటుకలు తెమ్మని బయటికి కేక వేసింది. దవాఖానా ఆవరణలో ఏదో గోడ కడుతున్నారు. బాపు అక్కడి నుంచి ఇటుకలు ఎత్తుకొచ్చి పరదా కింది నుంచి లోపలికి తోశాడు. నర్సులు అమ్మ మంచం కాళ్ళ వైపు ఎత్తి ఆ ఇటుకలు పెట్టారు. తల కిందికి, కాళ్ళు పైకి. వీళ్ళకు పిచ్చి పట్టిందనుకున్నాను. ఎందుకట్లా పెట్టారని ఆ నర్సును అడిగితే, నీకెందుకు, పక్కకు జరుగు అంది. అమ్మ బతికింది. నా ప్రశ్న కూడా బతికే ఉంది.

ఆ ప్రశ్న వెంటే నేనూ పోయాను. మేము పాలు పోసే ఇంట్లో ఉండే పంతులమ్మ పుణ్యమా అని ఉర్దూ మీడియంలో మెట్రిక్ దాకా చదివి, మూడేళ్ళు నర్సు పని నేర్చుకుని, అదే దవాఖానాలో నర్సునయ్యాను. నర్సు పని అంటే మా వాళ్ళలో ముక్కు విరిచే రోజులవి. అమ్మను బతికించిన చోటు కాబట్టి పెద్దబాపు ఆ ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. కానీ నా టోపీ విషయంలో ఇంట్లో పెద్ద లొల్లి అయ్యేది. గంజి పెట్టి ఉతికి దండెం మీద ఆరేస్తే, గంజి వాసనకు దుడ్డె, అంటే బర్రె దూడ, వచ్చి నమిలేది. దుడ్డె నమిలిన టోపీ పెట్టుకుని పురానాపూల్ దాటి, ధూల్‌పేట్ సందుల్లో ఆరబెట్టిన మట్టి గణపతుల మధ్య నుంచి పరుగున పోతుంటే, బొమ్మలు చేసే ఆడవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. నేను ఒక్కొక్కసారి తిరిగి నవ్వేదాన్ని, ఒక్కొక్కసారి కళ్ళెర్రజేసేదాన్ని. అది ఆ పూట నా కోపాన్ని బట్టి.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. ఒక రోజు కాన్పుల వార్డులో రక్తం పోతున్న ఒక బాలింత మంచం కింద నేను ఇటుకలు పెడుతున్నాను. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ఒకతె పక్కన నిలబడి, ఎందుకక్కా ఇట్లా పెడుతున్నారు అని అడిగింది. మూడేళ్ళలో నాకు ఇటుకలు ఎన్ని పెట్టాలో నేర్పారు, ఎప్పుడు పెట్టాలో నేర్పారు, ఎప్పుడు తీయాలో నేర్పారు. ఎందుకో నేర్పలేదు. పోయి వార్డు సిస్టర్‌ను అడిగాను. చెప్పిన పని చెయ్యి, అదంతా కాలేజీలో చదివినవాళ్ళ గొడవ అంది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంటికొచ్చి అవ్వ పెట్టిన జొన్నరొట్టెను కూడా కోపంగానే నమిలాను.

ఆ కోపం చల్లారకముందే మేట్రన్ నన్ను పిలిచింది. ఆమె ఇంగ్లీషు మనిషి. ఉర్దూ మాట్లాడితే ఆడ, మగ తేడా లేకుండా మాటలన్నిటినీ ఒకే గాటన కట్టేసేది. మనసు మాత్రం మంచిది. నా ముందు రెండు దారులు పెట్టింది. ఒకటి, మన ఊళ్ళోనే ఏడాది మంత్రసాని చదువు. ఉర్దూలో చెబుతారు, ఇంటి నుంచే పోయి రావచ్చు, ముగియగానే టాంగాలో మొహల్లాలు తిరిగి కాన్పులు చేసే ఉద్యోగం. రెండోది, మద్రాసు వైపు కొత్తగా మొదలైన నర్సుల డిగ్రీ. నాలుగేళ్ళు. అంతా ఇంగ్లీషు. ఖర్చు సర్కారుది. చదివి వచ్చినవాళ్ళు నర్సులకు పాఠాలు చెప్పే సిస్టర్లు అవుతారు. దవాఖానా నుంచి ఒక్కరినే పంపుతామని, నేను పోనంటే ఇంకొకరిని చూసుకుంటామని, గురువారం పొద్దున్నే జవాబు కావాలని చెప్పింది. నర్సుకు డిగ్రీ ఉంటుందని నేను వినడం అదే మొదటిసారి. డిగ్రీ అంటే వకీళ్ళకే అనుకునేదాన్ని.

నాకు డిగ్రీ కావాలి. అది ఆ గది గడప దాటకముందే నాకు తెలుసు. కానీ ఇంగ్లీషులో నేను చదివిన పెద్ద పుస్తకం ఏదంటే మెట్రిక్ పాఠ్యపుస్తకమే. నాలుగేళ్ళు ఆ భాషలో మునిగి తేలగలనా, నడుమ తిరిగొచ్చి నలుగురిలో నవ్వులపాలవుతానా అన్నది నాకు తెలియదు. పైగా పెద్దబాపు ఉన్నాడు.

విషయం ఇంట్లో చెప్పిన మర్నాటికల్లా మొహల్లా అంతా నా చదువును పంచుకుంది. ఉస్మాన్‌గంజ్‌లో మేము పత్తిగింజలు, తవుడు కొనే కొట్టు సేఠ్, నర్సుకు పెద్ద చదువు ఉంటే రోగులు భయపడతారని బాపుతో చెప్పి పంపాడు. పక్కింటామె మద్రాసులో ఉక్కపోతకు జుట్టు ఊడిపోతుందంది. అవ్వ దిగులు వేరు. "ఆడ కాఫీ తాగుతరంట గద. దాంట్ల పాలెన్ని పోస్తరో అడిగినవా?" అంది. పాలు తక్కువ పోసే ఊరికి పిల్లను పంపడం ఆమెకు అస్సలు నచ్చలేదు. పెద్దబాపు మాత్రం వెంటనే ఏమీ అనలేదు. బుధవారం సాయంత్రం అందరం కూర్చుని మాట్లాడదామన్నాడు. ఆయన వెంటనే ఏమీ అనలేదంటే వద్దని అర్థం.

వార్డులో నాతో పనిచేసే, నేను ఆపా అని, అంటే అక్కా అని పిలిచే ఒకామె ఉండేది. నాకంటే పెద్దది, భర్త లేడు, ఇద్దరు బిడ్డలు. బురఖా తీసి వార్డు గోడకు తగిలించిందంటే ఇక డాక్టరమ్మ కూడా ఆమె మాట వినాల్సిందే. బిడ్డలను వదిలి పోలేను కాబట్టి తను మంత్రసాని చదువులో చేరానని, అది తనకు చాలని చెప్పింది. నేను అటూ ఇటూ ఊగుతుంటే, ఇంత ఆలోచించకని విసుక్కుంది. "ఇత్తా నక్కో సోచ్," అని నా నెత్తి మీద ఒకటి మొట్టింది. ఆలోచించొద్దని చెప్పడం తేలిక. నా బుర్ర ఆగితే గదా.

ఆదివారం పొద్దున నేను కొట్టంలో పాలు పిండుతున్న బాపు దగ్గరికి పోయి ఏం చెయ్యమంటావని అడిగాను. ఆయన పొదుగు మీది నుంచి తల తిప్పలేదు.

"మూడు పూటలు చూడకుండ బర్రెను కొన్నమా బిడ్డా? రెండిటినీ చూడు. చూసినంక చెప్పు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మద్రాసు కాలేజీని ఇక్కడికి తోలుకొచ్చి కొట్టంలో కట్టెయ్యమంటావా అన్నాను. ఎట్లా చూడాలో నువ్వే చూసుకో, చదువుకున్నదానివి నువ్వే గదా అన్నాడు. కానీ ఆలోచించిన కొద్దీ ఆ మాట సరైనదే అనిపించింది. అప్పట్లో మా దగ్గర సెలవు శుక్రవారమే, ఆదివారం కాదు కాబట్టి, అడిగి అనుమతి తీసుకుని ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. పగలు ఆపా వెంట మంత్రసాని క్లాసులో వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. డిగ్రీ కాలేజీని చూడలేను కాబట్టి, అక్కడ మొదటి ఏడు చదివే పుస్తకం ఏదైనా ఉందా అని మేట్రన్‌ను అడిగాను. ఆమె తన బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి ఇచ్చింది. గోడకు కొడితే గోడే పగిలేటంత పుస్తకం. దాన్ని సాయంత్రాలు చూడాలని పెట్టుకున్నాను.

మంత్రసాని క్లాసు మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంది. చెప్పే ఆమె మాటకారి. కాన్పుల గదిలో జరిగిన తమాషాలు చెప్పి మమ్మల్ని పొట్టలు పట్టుకునేట్టు నవ్వించింది. ఇంక ఇదే నా చదువు అనుకుంటూ ఇంటికొచ్చాను. రెండో రోజు కొంచెం తగ్గింది, చెప్పిందాంట్లో చాలా భాగం నేను వార్డులో చేసే పనే. మూడో రోజు ఆమె వాక్యం మొదలుపెడితే నేను మనసులో పూర్తి చెయ్యడం మొదలుపెట్టాను, తప్పు కూడా పోలేదు. ఆమె తప్పేమీ లేదు. ఆపాకు అది రేపు ఇళ్ళల్లో ఒంటరిగా చెయ్యాల్సిన పని, తెలిసిన మాటైనా కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. నాకు మాత్రం పొదుగు ఖాళీ అయింది.

పుస్తకం సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి సాయంత్రం లాంతరు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క వాక్యం కూడా లోపలికి పోలేదు. పక్కన డిక్షనరీ పెట్టుకున్నా, ఒక మాటకు అర్థం వెతికితే ఆ అర్థంలో ఇంకో తెలియని మాట. విసుగొచ్చి పుస్తకం మూసి దుడ్డెను నాలుగు తిట్టాను, పాపం అది ఏమీ చెయ్యలేదు. రెండో సాయంత్రం నాలుగైదు వాక్యాలు తెలిశాయి. కొత్తగా కొన్న బర్రె కొత్త చేతికి ఊరికే పాలు విడవదు. మెడ నిమరాలి, మాట్లాడాలి, దాని వాసనకు మనం, మన వాసనకు అది అలవాటు పడాలి. అప్పుడు గానీ చేపదు. చేపని బర్రెకు పాలు లేవని తీర్మానించేవాడు మూర్ఖుడు. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు గాని, పుస్తకాలకు కూడా వర్తిస్తుందని ఆ సాయంత్రమే తెలిసింది.

మూడో సాయంత్రం నేను పుస్తకాన్ని మొదటి నుంచి కాకుండా వెనకనున్న పేజీల నుంచి తిరగేశాను. ఒకచోట మంచం బొమ్మ కనిపించింది. కాళ్ళ వైపు ఎత్తి ఉంది. ఆ పేజీని ఒక్కొక్క మాట చొప్పున తవ్వుకుంటూ పోయాను. రక్తం ఎక్కువ పోయినప్పుడు ఉన్న కాస్త రక్తం కాళ్ళలో నిలవకుండా గుండెకు, తలకు చేరాలి, అవి రెండూ ఆగితే మనిషి ఆగిపోతాడు, అందుకని కాళ్ళు పైకి. ఇంతే. ఇంత చిన్న సంగతి. ఇన్నేళ్ళు నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఏడ్చాను. సంతోషానికో, కోపానికో నాకే తెలియదు, రెండూ ఉన్నాయనుకుంటాను.

తెల్లవారి బుధవారం. కొట్టంలోకి పోయేసరికి బాపు పాలు పిండుతున్నాడు. పక్కన కూర్చుని, అమ్మ మంచం కింద ఇటుకలు ఎందుకు పెట్టారో తెలిసిందని చెప్పాను. ఆయన చేతులు ఆగాయి. పిండుతున్న బర్రె తల తిప్పి చూసింది, ఎందుకంటే బాపు చేతులు నడుమ ఆగడం దానికి తెలియదు. నేను చదివినదంతా నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. రక్తం పల్లానికి నీళ్ళు పోయినట్టు తల వైపు పోవాలనే అట్లా పెట్టారన్నాను. బాపు అంతా విన్నాడు.

"ఆ ఇటుకలు తెచ్చింది నేనే," అన్నాడు. "పదేండ్లాయె. ఎందుకో తెల్వకనే తెచ్చిన. మీ అమ్మను మంచం మీద తలకిందులు జేసి ఏం జేస్తున్నరో అని పరదా బయట నిలబడి వణికిన."

ఆయన వణకడం నాకు తెలియదు. ఆ రోజు నేను పరదాకు లోపలి వైపు ఉన్నాను. బాపు మళ్ళీ పిండటం మొదలుపెట్టాడు. పిండుతూనే, ఇట్లాంటి సంగతులే నాలుగేళ్ళు చెబుతారా అని అడిగాడు. మస్తుగా ఉంటాయి బాపూ, వాటిని నేర్చుకొచ్చి ఇక్కడి పిల్లలకు చెబుతా అన్నాను. ఊ అన్నాడు. ఆ ఊ ఎటువైపుదో నాకు అర్థం కాక సాయంత్రం దాకా తల పట్టుకున్నాను.

సాయంత్రం పాల పని అయ్యాక అందరం వాకిట్లో చేరాం. పెద్దబాపు నులకమంచం మీద, అవ్వ గడప మీద, అమ్మ తలుపు వెనక, బాపు కింద చాప మీద. నేను గుంజకు ఆనుకుని నిలబడ్డాను. పెద్దబాపు గొంతు పెంచలేదు. కేకలేసి ఉంటే నేనూ కేకలేసేదాన్ని, నాకు తేలికయ్యేది.

"పిల్లను సదువొద్దని నేనంటలేను," అన్నాడు. "ఈడ్నే ఏడాది సదువున్నది. ఇంట్ల తిని, ఇంట్ల పండి, పోయి రావచ్చు. నాలుగేండ్లంటే ఇయ్యాల పుట్టిన దుడ్డె పెరిగి ఈనే దాంక. గన్ని దినాలు ముక్కు మొఖం తెల్వని ఊర్ల, పాణం బాగలేకుంటే దీన్ని ఎవ్వలు చూస్తరు?"

అందులో ఒక్క మాట కూడా చెడ్డది కాదు. అదే నాకు మంట. ఆయన ప్రేమతో కట్టిన గోడను నేను ఏ మాటతో కొట్టాలి? అవ్వ తల ఊపింది. అమ్మ తలుపు వెనక గాజులు సవరించుకుంది. రేపు పొద్దున మేట్రన్ ముందు నిలబడి పోలేనని చెబుతున్నట్టు, ఇటుకల గురించి అడిగిన ఆ పిల్లకు నా బదులు ఎవరో ఎప్పటికో జవాబు చెబుతున్నట్టు నాకు కళ్ళకు కట్టింది. బాపు ఏమైనా అంటాడేమోనని చూశాను. అన్న మాటకు వాకిట్లో ఎదురు చెప్పినవాడు కాదు ఆయన. ఆ రోజూ చెప్పలేదు. నాకు ఆయన మీద కూడా కోపం పొంగుకొచ్చింది. నోరు తెరిచాను. బాపు ఇంకొక్క క్షణం ఆగి ఉంటే నా నోట ఏ మాట వచ్చేదో, దాన్ని మళ్ళీ వెనక్కి తీసుకునే వీలుండేదో లేదో.

"బిడ్డా, ఇటు రా. కూసో," అన్నాడు బాపు.

పోయి చాప మీద ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన భుజం మీది తువ్వాల తీసి, తన చేతి మీద కప్పి, నా వైపు చాపాడు. అవ్వ నవ్వింది. పెద్దబాపు మంచం మీది నుంచి ముందుకు వంగాడు.

"ఏంది తమ్మీ, బిడ్డను అమ్ముతున్నవా?" అన్నాడు.

"అమ్ముతలేనన్నా. అడుగుతున్న," అన్నాడు బాపు.

నేను తువ్వాల కిందికి చెయ్యి పెట్టాను. చిన్నప్పటి నుంచి ఆడిన ఉత్తుత్తి బేరాల్లాంటిది కాదు ఇది. పాలు పిండి పిండి కాయలు కాసిన ఆ వేళ్ళు నా చూపుడు వేలిని పట్టుకున్నాయి. ఒకటి. ఏడాది చదువు. నేను వేలు లాక్కున్నాను. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు, అంగడిలో కూడా కదిలేది కాదు. మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి రెండు వేళ్ళు. రెండేళ్ళ చదువు ఏదీ లేదని బాపుకు తెలుసు. నేను కళ్ళెత్తి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు, కొట్టం వైపు చూస్తున్నాడు. నేను లాక్కున్నాను. మూడు వేళ్ళు పట్టుకున్నాడు. మూడేళ్ళదీ లేదు. ఆయన అడుగుతున్నది కాలేజీని కాదు, నన్ను. ఒక్క ఏడన్నా తగ్గించవా బిడ్డా అని అడుగుతున్నాడు. లాక్కోవడంలో మజా ఉంటుందని చెప్పిన నేనే, ఆ మూడు వేళ్ళు లాక్కోవడానికి పడిన బాధ ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ లాక్కున్నాను.

కొట్టంలో ఏదో బర్రె గొలుసు కదిలింది. బాపు ఊపిరి ఒకటి పెద్దగా వదిలాడు. తర్వాత నా నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు.

నేను ఆ చేతిని ఒకసారి కిందికి ఊపాను.

తువ్వాల ఊగడం అందరూ చూశారు. పెద్దబాపు నన్ను చూశాడు, బాపును చూశాడు. ఎంతకు తెగిందని ఆయన అడగలేదు, ఆ పద్ధతి బాపుకు నేర్పిందే ఆయన. తన్నే బర్రెను ఇంట్లో ఉంచిన మనిషి, ఊపిన చేతిని కాదనే మనిషి కాదు. అయినా ఏమంటాడోనని ఆయన మొహమే చూస్తున్నాను.

ఊపగానే చెయ్యి విడవాలి. తువ్వాల దులిపి భుజాన వేసుకోవాలి. బాపు విడవలేదు. నా నాలుగు వేళ్ళూ ఆయన పిడికిట్లో అట్లాగే ఉన్నాయి, ఇంకా గట్టిగా. తువ్వాల మీద ఒక చుక్క పడింది. అది నాది కాదు.

పెద్దబాపు మంచం దిగి వచ్చి, బాపు వెనక నిలబడి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బేరం తెగినంక చెయ్యి ఇడువాలె తమ్మీ," అన్నాడు.